ఇంటి బీమాకు తగిన వెల యేది?



తాటాకుటిండ్లును పెంకుటిండ్లును పోయి పల్లెలలో మిద్దెలు లేచుచున్న కాలమిది. మిద్దె కట్టువాడు తఱచుగా బ్యాంకునుండి అప్పు తెచ్చును. అప్పిచ్చినవారు తమ సొమ్మునకు రక్షణ కావలెనని ఆ ఇంటికి బీమా చేయింపుమందురు. అంతట పట్టణమునుండి కుమారుడో అల్లుడో రెండు మూడు కంపెనీల కాగితములు తెచ్చి, ఊరిలో చదువుకొన్న పెద్దల ముందుంచి, వీరడుగుచున్న ప్రీమియము న్యాయమేనా, లేక మనలను మోసపుచ్చుచున్నారా యని అడుగుదురు. ఆ ప్రశ్న నాకును పలుమాఱు ఎదురైనది. మీలో అనేకులకు ఎదురైయుండును.

వడ్ల ధర తెలియవలెనన్నచో సంతలో నిలిచిన చాలును. గుప్పెడు గింజలు తీసి, ఒకటి నోట కొఱికి, ఈ వెల తగునో తగదో మన రైతు చెప్పగలడు. బీమా అట్టి సరకు కాదు. అది ఒక మాట. నీ ఇల్లు కాలినచో నేనిచ్చెదను, వరదలో మునిగినచో నేనిచ్చెదను అను మాట. దానిని కొఱికి చూచుటకు వీలులేదు. ఇల్లు చెడిననాడుగాని దాని రుచి తెలియదు. కావున ఇట్టి మాటను అంగడిలో పెట్టి అమ్మిన తొలి నగరములలో పేరుగన్న లండనునకు పోయి, అచ్చటి ప్రజలు దాని నెట్లు బేరమాడిరో, ఎక్కడ లాభపడిరో, ఎక్కడ నష్టపోయిరో చూచినచో, నేడు మన చేతిలోని కాగితమును చదువు కన్ను కొంత తెఱచుకొనునని నాకు తోచినది.

అయితే ఆపదను బట్టి వెల కట్టుట అను బుద్ధి తెల్లవారితోనే పుట్టినదని భ్రమపడరాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయములో అప్పులమీది వడ్డీని చెప్పుచు, అడవులు దాటి వర్తకము చేయువారు నూటికి పది చొప్పునను, సముద్రముమీద పోవువారు నూటికి ఇరువది చొప్పునను ఈయవలెనని యున్నది. దానికి మితాక్షర వ్రాసిన విజ్ఞానేశ్వరుడు, అవి ప్రాణమునకును ధనమునకును నాశము కలుగునేమోయను శంకగల చోట్లు గనుక వడ్డీ హెచ్చినదని వివరించెను. మన కేతన తెనిగించిన విజ్ఞానేశ్వరీయమునకు మూలమైన గ్రంథమిదియే. ఇది వడ్డీయే గాని బీమా కాదు. రెంటిని ఒకటిగా కలుపుట పాండిత్యము కాదు. కాని అడవికి పది, కడలికి ఇరువది అను లెక్కలోనున్న న్యాయమే ఇటుకయింటికి ఇంత, కొయ్యయింటికి ఇంత అను లెక్కలోను ఉన్నది. దీనిని మనసున నుంచుకొని ముందునకు పోవుదము.

1666వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేది, ఆదివారము. తెల్లవారకముందే లండనులో పుడ్డింగు లేను అను సందులోని ఒక రొట్టెల దుకాణమున నిప్పు పుట్టెను. వేసవి ఎండకు ఎండిన కొయ్యయిండ్లు, ఇఱుకు సందులు, తూర్పుగాలి. నాలుగు దినములు నగరము మండెను. 13,200 ఇండ్లును, 87 దేవాలయములును, సెయింటుపాలు మహామందిరమును బూడిదయయ్యెను.

నిప్పు చల్లారిన తరువాత పుట్టిన చిక్కు నిప్పుకంటె తక్కువది కాదు. నగరములో చాలమంది దీర్ఘకాలపు కౌలుకు ఇండ్లు తీసికొని కాపురముండినవారు. ఇంటిని బాగుచేయు బాధ్యత కౌలుదారునిదేయని వారి పత్రములలో వ్రాసియుండెను. ఇల్లు కాలినను కౌలు చెల్లింపవలసినదే. పైగా ఇంటిని మరల కట్టి ఈయవలసినదియు వాడే. అనగా, లేని ఇంటికి అద్దె కట్టుచు, తనది కాని ఇంటిని తన ఖర్చుతో నిర్మింపవలసిన దురవస్థ. ఈ వ్యాజ్యములను తీర్చుటకే 1667లో పార్లమెంటు అగ్ని న్యాయస్థానమను ప్రత్యేక సభను ఏర్పఱచెను. న్యాయాధిపతులు పత్రముల అక్షరమునకు కట్టుబడక, ఎవరు ఎంత భరింపగలరో విచారించి తీర్పులిచ్చిరి. ఆ సంవత్సరమే వచ్చిన మఱొక శాసనము, ఇకమీదట నగరములో ఇటుకతోగాని ఱాతితోగాని కట్టవలెనని ఆజ్ఞాపించెను.

ఇట్టి సమయమున నికొలాసు బార్బన్ అనువాడు వచ్చెను. అతడు హాలండులో వైద్యము చదివి పట్టము పొందినవాడు. కాని నాడి చూచుటకంటె గోడలు కట్టుటయందు ఆసక్తి మెండు. కాలిన నగరములో స్థలములు కొని, వరుసలుగా ఇండ్లు కట్టి అమ్మెను. అతని తండ్రి పేరు ప్రెయిజ్‌గాడ్ బేర్‌బోన్. 1653 నాటి ఇంగ్లండు సభకు ఆయన పేరే అడ్డపేరుగా నిలిచినది. కుమారుడు తండ్రివలె భక్తుడో కాదో గాని లెక్కలలో మాత్రము గట్టివాడు. 1680-81లో అతడు కొందఱితో కూడి, రాజవర్తకశాల వెనుక ఇండ్ల బీమా కార్యాలయమును తెఱచెను. తాను చెప్పిన మాటకు పూచీగా కొన్ని స్థలముల శిస్తులను ధర్మకర్తల అధీనమున నుంచెను. ఈ పూచీని గుర్తుంచుకొనుడు. దీనితో పని పడును.

అతని వెల యిది: ఇటుకయింటికి సాలు అద్దెలో పౌనుకు 6 పెన్నీలు, కొయ్యయింటికి 12 పెన్నీలు. పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగునకు 12 పెన్నీలు. మన పూర్వుల రూపాయి-అణా-పై లెక్కవంటిదే. సాలుకు 30 పౌనుల అద్దె వచ్చు ఇటుకయింటికి 15 షిల్లింగులు, అదే కొయ్యయిల్లయినచో 30 షిల్లింగులు అగును. అద్దె ఇంటివెలలో పదియవ వంతని అతడు లెక్కించెను గనుక, ఆ యిల్లు 300 పౌనులది. అనగా నూఱు పౌనుల ఇటుకయింటికి 5 షిల్లింగులు, కొయ్యయింటికి 10. యాజ్ఞవల్క్యుని పది, ఇరువది ఇచ్చటను సరిగా రెండింతలుగానే కనబడుట వినోదముగా లేదా!

ఆ వెల తగినదా? మొదటివాడడిగినది గనుక పోల్చిచూచుటకు మఱొకటి లేదు. ఆ లోపము త్వరలోనే తీఱినది. 1681లోనే లండను నగరపాలకులు, ఈ లాభము ఒక గృహస్థుని పాలగుటయేల, నగరమే బీమా చేయుననిరి. బార్బన్ కంటె తక్కువ వెలకు ఒప్పుకొనిరి. వెంటనే కరపత్రముల యుద్ధము మొదలయ్యెను. నగరముయొక్క ఆస్తి ఇట్టి వ్యాపారమునకు పూచీగా చట్టప్రకారము కట్టుబడునా యని ఒకరు, ఒక వ్యక్తి కంటె నగరము స్థిరము కాదా యని మఱొకరు. తుదకు 1682లో నగరపాలకులు ఆ ప్రయత్నము మానుకొనిరి. తక్కువ వెల చెప్పినవారు రెండేండ్లు నిలువలేదు.

తరువాత 1683-84 ప్రాంతమున స్నేహసంఘము అను అర్థమిచ్చు పేరుతో రెండవ కార్యాలయము వచ్చెను. దీని పద్ధతి వేఱు. సభ్యులు ఏటేట స్వల్పమైన రుసుము చెల్లింతురు. ముందుగా కొంత ధరావతు ఉంచుదురు. ఏ సభ్యుని ఇల్లు కాలినను ఆ నష్టమును అందఱును తమ తమ వంతున పంచుకొందురు. మన ఊళ్లలో ఒకని గడ్డివామి తగులబడినచో ఇంటికొక మోపు గడ్డి ఇచ్చు ఆచారమునకు ఇది చుట్టము.

ఇప్పుడు లండను గృహస్థుని యెదుట రెండు కాగితములున్నవి. ఒకదానిలో వెల హెచ్చు. కాని ఆ వెల ఇచ్చినతోడనే అతని బాధ్యత తీఱును. రెండవదానిలో వెల తక్కువ. కాని అగ్నిప్రమాదములు హెచ్చిన ఏట ఎంత చెల్లింపవలసివచ్చునో ముందుగా తెలియదు. ఏది చౌక? ఈ ప్రశ్నమీదనే 1684లో ఒక చిన్న పుస్తకము వెలువడెను. పల్లెలోనున్న ఒక పెద్దమనిషికి వ్రాసిన జాబు అను రూపమున, ఈ రెండు బీమా కార్యాలయముల వృత్తాంతమును తెలుపు గ్రంథమది. మూడువందల ఏండ్లకు ముందే పల్లెలోని పెద్దమనుష్యులకు ఈ సందేహము కలిగెనన్నమాట! అయితే ఆ జాబు వ్రాసినవాడు బార్బనే యని పరిశోధకులు చెప్పుదురు. పోటీకాపు సరకును గూర్చి అంగడివాడు వ్రాసిన జాబును ఎంత నమ్మవలెనో అంతే నమ్మవలెను. నేడును రెండు కంపెనీలను పోల్చి చెప్పువాడు దొరకినచో, వాని కూలి ఎవరిచ్చుచున్నారో ముందు విచారించుట మంచిది.

వెలలోని ఈ రెండు భాగములు, అనగా ఇప్పుడిచ్చునది, తరువాత మీద పడునది, అను విభజన ఆనాటినుండి నేటివరకును మాఱలేదు. నేటి పాలసీలలో సభ్యులమీద వంతులు వేయుట లేదు. కాని నష్టములో మొదటి ఇన్నివేలు నీవే భరింపవలెనను నిబంధన కొన్నింట నుండును. అదియు వెలలో భాగమే. దానిని కలుపక ప్రీమియమును మాత్రమే చూచువాడు ఎద్దు వెలను బేరమాడి దాని కుంటికాలును చూడనివాడు.

ఇంతవరకు చెప్పినదంతయు గోడలకే. ఇంటిలోని సామగ్రికి పాతిక ముప్పది ఏండ్లవరకు బీమా లేకుండెను. 1696లో పుట్టి హస్తమున హస్తము ముద్రగా ధరించిన సంఘము సైతము ఇండ్లనే తీసికొనెను. సరకులకును సామానులకును బీమా చేయు పద్ధతిని 1708 ప్రాంతమున చార్లెసు పోవీ అనునాతడు నడపెను. అతని వ్యాపారమే చేతులు మాఱి 1710లో సన్ కార్యాలయమయ్యెను. సూర్యబింబము వారి గుర్తు. సీసపు రేకుమీద పోతపోసి, పాలసీ సంఖ్య చెక్కి, ఇంటి ముందుగోడకు కొట్టెడివారు. ప్రతి కార్యాలయమునకును సొంత అగ్నిమాపక భటులుండిరి. గుర్తులేని ఇల్లు కాలుచున్నను వారు చేతులు కట్టుకొని చూచెడివారని ఒక కథ చెప్పుదురు. ప్రక్కయింటినుండి నిప్పు తమ ఇంటికంటుకొనునని తెలిసినవారు అట్లు నిలుచుందురని నేను నమ్మజాలను.

గోడ వేఱు, గోడలోపలి వస్తువు వేఱు అను విభాగము అప్పుడేర్పడినది. మఱొక విభాగమును స్థిరపడినది. సామాన్యము, అపాయకరము, ద్విగుణాపాయకరము అని ఇండ్లను మూడు తరగతులుగా చేసిరి. ఇటుకతోనో ఱాతితోనో కట్టి, పలకఱాతితోనో పెంకుతోనో కప్పి, అపాయకరమైన వృత్తి జరుగని ఇల్లు మొదటి తరగతి. నూఱు పౌనులకు సాలుకు 2 షిల్లింగులు. కొయ్యయిల్లు రెండవది, 3 షిల్లింగులు. గడ్డికప్పు ఇండ్లును, నిప్పుతో పనిచేయు కొన్ని వృత్తులును మూడవవి, 5 షిల్లింగులు. బార్బన్ నాడు నూఱు పౌనుల ఇటుకయింటికి 5 షిల్లింగులని చెప్పితిని గదా. కొంతకాలము పోటీ సాగి, లెక్కలు చేతికి వచ్చిన పిమ్మట అది 2 అయినది. మొదటి వెల అన్యాయమని అనలేము. చీకటిలో కట్టిన వెల అది. దీపము వచ్చినకొలది తగ్గినది.

తరగతులు కట్టుటలో మనుష్యుల అభిప్రాయములు ఎంత భిన్నమో చూపుటకు అమెరికాలోని ఫిలడెల్ఫియా కథ ఒకటి చెప్పి మరల లండనుకు వత్తును. అచ్చట బెంజమిన్ ఫ్రాంక్లిన్ మొదలైనవారు 1752లో ఇండ్ల బీమా సంఘమును స్థాపించిరి. ఇంటి ముందఱ చెట్లున్నచో నిప్పు ఆర్పుటకు అడ్డమని తలచి, 1781లో ఆ సంఘము చెట్లున్న ఇండ్లను తీసికొనమని తీర్మానించెను. చెట్టునీడ విడువలేని గృహస్థులు 1784లో వేఱొక సంఘము పెట్టుకొని, కొంచెము హెచ్చు వెలకు చెట్లున్న ఇండ్లను చేర్చుకొనిరి. పచ్చనిచెట్టే వారి గుర్తయ్యెను. ఒకడు కాదన్న ఇంటిని మఱొకడు ఔనన్నాడు. ఒక కంపెనీ హెచ్చు వెల చెప్పినంతనే నీ ఇల్లు చెడ్డదని అనుకొనరాదు. ఆ కంపెనీ కంటికి మాత్రమే అది చెడ్డది కావచ్చును.

తగిన వెల అనగా ఏమి? దీనికి నేనెఱిగిన మేలైన ఉత్తరము ఆడం స్మిత్తు 1776లో ప్రకటించిన దేశముల సంపదను గూర్చిన గ్రంథములో నున్నది. సాధారణముగా సంభవించు నష్టములను పూడ్చుటకును, కార్యాలయపు ఖర్చునకును, అంతే మూలధనమును వేఱొక సాధారణ వ్యాపారమున పెట్టినచో వచ్చునంత లాభమునకును ప్రీమియము చాలవలెనని ఆయన అభిప్రాయము. మూడే మూడు: నష్టము, ఖర్చు, మితమైన లాభము. దీనికి మించినది కొనువానికి అన్యాయము. దీనికి తగ్గినది? అదియు కొనువానికే అన్యాయము. ఎట్లో కొంచెములో చెప్పెదను. వెల ఇంత మితముగా నున్నను ప్రజలు అపాయమును తేలికగా తలచి బీమా చేయుటలేదనియు, దేశములో ఇరువదింట పందొమ్మిది ఇండ్లకు, కాదు, నూటికి తొంబదితొమ్మిదింటికి బీమా లేదనియు ఆయనయే చింతించెను.

స్మిత్తు చెప్పని నాల్గవ భాగము ఒకటి తరువాత చేరినది. ప్రభుత్వము 1782లో నూఱు పౌనుల బీమాకు సాలుకు 1 షిల్లింగు 6 పెన్నీల పన్ను వేసెను. యుద్ధముల ఖర్చు పెరిగినకొలది ఆ పన్నును పెంచిపెంచి 1815 నాటికి 3 షిల్లింగులు చేసెను. సామాన్యమైన ఇంటికి బీమా వెల 2 షిల్లింగులు, దానిమీద పన్ను 3 షిల్లింగులు! ముందుజాగ్రత్త పడినవానికి శిక్షవలె నుండిన ఈ పన్ను 1869లోగాని పూర్తిగా తొలగలేదు. మన దేశములోను ప్రీమియముపై పన్ను వేఱుగా చూపుదురు. రెండు కాగితములను పోల్చునప్పుడు ఒకదానిలో పన్ను చేర్చిన మొత్తమును, మఱొకదానిలో చేర్చని మొత్తమును చూచి మోసపోవువారు చదువుకొన్నవారిలోను ఉన్నారు.

ఇక తక్కువ వెలను గూర్చి చెప్పెదనంటిని. 1836లో లండనులో ఇండిపెండెంట్ అండ్ వెస్ట్ మిడిల్‌సెక్స్ అను బీమా కంపెనీ వెలసినది. గొప్ప భవనము, ఉడుపులు తొడిగిన సేవకులు, ఎడిన్‌బరో, గ్లాస్గో, డబ్లిన్ నగరములలో శాఖలు. అగ్నిబీమాకు అందఱికంటె తక్కువ వెల. అంతేకాదు, మూలధనము ఒక్కసారి వారికిచ్చినచో జీవితాంతము ఏటేట ఇచ్చు వర్షాశనము మాత్రము అందఱికంటె హెచ్చు. తీసికొనునది తక్కువ, ఇచ్చునది ఎక్కువ! ఇది ఎట్లు పొసగునని ఒక్క నిమిషము ఆలోచించినచో చిన్నతరగతి బాలుడు సైతము చిక్కు గ్రహించును. కాని ఆ నిమిషము ఆలోచించినవారు తక్కువ. పనిచేసి కూడబెట్టిన సేవకులు, వృద్ధులు, చిన్న వర్తకులు తమ సొమ్ము తెచ్చి పోసిరి. వచ్చిన సొమ్ములోనుండియే కొంతకాలము కొందఱికి చెల్లించి నమ్మకము కల్పించిరి.

గ్లాస్గోలో పత్రిక నడపుచుండిన పీటరు మెకెన్జీ అను ధైర్యశాలి ఈ కంపెనీకి మూలధనమే లేదని బయట పెట్టెను. వారు అతనిమీద వ్యాజ్యములు వేసి నోరు మూయింప చూచిరి. అతడు వెనుదీయలేదు. 1841 నాటికి కంపెనీ మూతపడెను, నడపినవారు పాఱిపోయిరి. ఇల్లు కాలినవానికి చేతిలో మిగిలినది ముద్రవేసిన కాగితము. ఆ తక్కువ ప్రీమియమును ఏ లెక్కన చౌక అందుము? అతడు కొనినది ఏమియు లేదు గనుక, ఇచ్చిన ప్రతి పెన్నీయు హెచ్చే. చార్లెస్ డికెన్సు తన మార్టిన్ చజిల్విట్ నవలలో ఆంగ్లో-బెంగాలీ అను దొంగ బీమా కంపెనీని చిత్రించినది దీనిని చూచియే యని చెప్పుదురు. దొంగతనమునకు దూరపు బంగాళదేశము పేరు తగిలించినచో గౌరవము వచ్చునని ఆనాటి లండను మోసగాండ్రు ఎఱుగుదురు కాబోలు.

బార్బన్ తన మాటకు పూచీగా స్థలముల శిస్తులు ఉంచెనని చెప్పితిని. దాని విలువ ఇక్కడ తెలియును. వెల చూచుటకు ముందు ఆ వెల పుచ్చుకొనువాడు నిలుచునా యని చూడవలెను.

మఱి, వెల నిజముగా హెచ్చయినచో? లండను వర్తకులు దానికొక మందు కనుగొనిరి. 1782లో చక్కెర శుద్ధిచేయువారు తమ కార్ఖానాలకు పాత కార్యాలయములు అడుగు వెల సహింపలేక తామే ఒక అగ్నిబీమా కార్యాలయము పెట్టుకొనిరి. అదియే ఫీనిక్సు. 1861 జూను 22న టూలీ వీధిలోని రేవు గిడ్డంగులు అంటుకొనెను. జనుము, ప్రత్తి, కొవ్వు, చక్కెర మండి రెండు వారములు నిప్పు చల్లారలేదు. అగ్నిమాపక దళాధిపతి జేమ్సు బ్రెయిడ్‌వుడ్ గోడ మీదపడి మరణించెను. నష్టము 20 లక్షల పౌనుల వఱకు నుండెను. బీమా కార్యాలయములు గిడ్డంగుల వెలను ఒక్కసారిగా పెంచగా, వర్తకులు కోపించి ఆ సంవత్సరమే కమర్షియల్ యూనియన్ అను కంపెనీని స్థాపించిరి. ఇది విని కార్యాలయములవారు ఊరకుండలేదు. 1868లో అందఱును ఒక కమిటీగా కూడి, ఎవరును తగ్గింపరాదని వెలల పట్టిక కట్టుకొనిరి. అంగడిలో పది దుకాణములున్నను త్రాసు ఒక్కటే. ఇట్టి కట్టడిలో వెల తగినదా యని పది చోట్ల అడిగి లాభము లేదు. అయితే కట్టడికి ఒక గుణమును ఉన్నది: వెస్ట్ మిడిల్‌సెక్సు వంటి తక్కువ వెలల మోసములు అందులో తలయెత్తుట కష్టము.

మన దేశమునకు ఈ వ్యాపారము ఆంగ్లేయులతో వచ్చెను. 1850లో కలకత్తాలో ట్రైటన్ కంపెనీ స్థాపింపబడెను. దేశము స్వతంత్రమైన తరువాత, 1973 జనవరి 1నుండి ఇండ్లు, సరకులు మొదలగువాని బీమా చేయు 107 సంస్థలను ప్రభుత్వము తీసికొని నాలుగు కంపెనీలుగా కూర్చెను. అగ్నిబీమా వెలలు పట్టిక ప్రకారమే నడచెను. 2007 జనవరి 1న ఆ పట్టిక తొలగెను. కావున ఈ వెల పోటీకి నిలుచునా యను ప్రశ్నకు మన దేశములో నిండైన అర్థము వచ్చి ఎంతో కాలము కాలేదు. మన తండ్రులకు ఈ పోల్చు అలవాటు లేకపోవుట వారి లోపము కాదు.

మన తెలుగునాట ఇంటికి నిప్పు ఒక్కటే శత్రువు కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపాను, 2024 సెప్టెంబరులో విజయవాడ ఇండ్లలో నిలిచిన బుడమేరు నీరు మనకు తెలిసినవే. ఇందువలన మన కాగితములో మొదట వెదకవలసినది గాలి, వాన, వరద అను మాటలు. అవి తీసివేసిన పాలసీ చౌకగానే యుండును. లండనులో దానితో సుఖముగా నుండవచ్చును, దివిసీమలో నుండరాదు. 2021 ఏప్రిల్ 1నుండి భారత్ గృహరక్షయను ఒకే నమూనా పాలసీని ఇండ్ల బీమా చేయు కంపెనీలన్నియు అమ్మవలెనని నియంత్రణ సంస్థ ఆజ్ఞ చేసినది. దానిలో అగ్ని, తుపాను, వరద, భూకంపము అన్నియు చేరియున్నవి. మాట ఒక్కటే యగుటచేత ఇప్పుడు వెలలను నిజముగా పోల్చవచ్చును.

నా పూర్వ శిష్యుడొకడు ఇటీవల రెండు కంపెనీల కాగితములు తెచ్చెను. రెండును ఈ నమూనావే. ఒకటి 1,200 రూపాయలు అడుగుచున్నది, రెండవది 900. "మేష్టారూ, 300 మిగులుచున్నవి గదా, రెండవది తీసికొందునా?" అని అడిగెను. అతని ముందఱనే లెక్క వేసితిని. మొదటిదానిలో ఇంటి మొత్తము 20 లక్షలు. లక్షకు 60 రూపాయలు పడినది. రెండవదానిలో మొత్తము 12 లక్షలే, లక్షకు 75. తక్కువగా కనబడినదే హెచ్చు. ఆ 12 లక్షలు ఎక్కడనుండి వచ్చినవని అడుగగా, ప్రీమియము తక్కువగా కనబడుటకు ఏజెంటే అట్లు వ్రాసెనని తెలిసినది. ఆ యిల్లు మరల కట్టవలెనన్నచో, స్థలము వెల విడిచి, సిమెంటు, ఇనుము, కూలి కలిపి 20 లక్షలు తక్కువ కాదని ఊరి మేస్త్రి చెప్పెను. 12 లక్షలకు వ్రాసిన ఇల్లు పూర్తిగా పోయినచో వచ్చునది 12 లక్షలే. 20 లక్షలకే వ్రాసి వెల చెప్పుమని అడిగినచో రెండవ కంపెనీవారు 1,500 అనిరి.

సామానుల సంగతియు చూచితిమి. ఈ నమూనాలో ఇంటి మొత్తములో అయిదవ వంతు, 10 లక్షలకు మించకుండ, ఇంటిలోని సాధారణ సామగ్రికి తనంత తానే వర్తించును. మొదటిదానిలో అది 4 లక్షలు; రెండవదానిలో మొదట వ్రాసినట్లయినచో 2 లక్షల 40 వేలే. దొంగతనమును గూర్చి అతడు అడిగెను. తుపానో అగ్నియో సంభవించిన ఏడు దినములలోపల, ఆ కారణమున జరిగిన దొంగతనమునకే ఈ పాలసీ బాధ్యత వహించును. ఊరికే ఒక రాత్రి కన్నము వేసినవాని పనికి వహింపదు. దానికి వేఱు పాలసీ కావలెను. అతడు కొంత నిరుత్సాహపడెను. ఇది తెలియక ఎందఱో తమ ఇల్లు దొంగలనుండియు కాపాడబడినదని నిశ్చింతగా నిద్రించుచున్నారు.

అంతవఱకును గడపలో కూర్చుండి వినుచున్న అతని తల్లి అప్పుడు, "పంతులుగారూ, మఱి నా కాసులపేరు ఈ రెంటిలో ఏ కాగితములో నున్నదండీ?" అని అడిగెను. ఏ కాగితములోను లేదు. నగలు సాధారణ సామగ్రిలో చేరవు. వాని వెల వేఱుగా చూపి, వేఱుగా వ్రాయించి, దానికి తగిన ప్రీమియము వేఱుగా ఇచ్చుకొనవలెను. ఆ మాట చెప్పగా ఆమె కొంచెము సేపు ఆలోచించి, దానికెంత అడుగుదురో రెండు కంపెనీలనుండియు కనుగొని రమ్మని కుమారుని పంపెను.